క్లినికల్ సైకాలజీలో డాక్టరేట్ చెయ్యాలని ఉంది: పీహెచ్‌డీయా, సైడీయా, ముందు ఎంఫిల్లా?

నాగావళి_అమ్మాయి:
అందరికీ నమస్తే. మాది ఎచ్చెర్ల దగ్గర పల్లె, ఎంఏ సైకాలజీ ఆఖరి సెమిస్టర్‌లో ఉన్నాను. క్లినికల్ సైకాలజీలో డాక్టరేట్ చెయ్యాలని గట్టిగా ఉంది కానీ పీహెచ్‌డీయో, సైడీయో (పేషెంట్లని చూసే ప్రాక్టీస్ కోసం ఉండే డాక్టరేట్), ముందు ఎంఫిలో, ఏటి చెయ్యాలో తెలీట్లేదు, ఎవర్ని అడిగినా ఒక్కొక్కరు ఒక్కో మాట చెప్తున్నారు. మా సార్ యూజీసీ నెట్ పరీక్ష రాసి పీహెచ్‌డీలో చేరిపొమ్మన్నారు, సీనియర్ అక్క ఒకావిడ ఉత్త పీహెచ్‌డీతో పేషెంట్లని చూడనివ్వరు ఆర్‌సీఐ (రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ ఉండాలి అంది, వైజాగ్‌లో ఒక కన్సల్టెన్సీకి వెళ్తే అమెరికాలో సైకాలజీ ఎంఎస్ చేస్తే చాలు అక్కడే ప్రాక్టీస్ పెట్టేసుకోవచ్చు లోన్ మేమే ఇప్పిస్తాం అన్నారు. నాన్నది వ్యవసాయం, పొలం మీద అప్పు చెయ్యడానికి ఆయన సిద్ధంగానే ఉన్నారు గానీ నాకే భయంగా ఉంది.

నాకు పేషెంట్లతోనే పని చెయ్యాలనుంది. మా అత్త కొడుక్కి బుద్ధిమాంద్యం, వాడికి సదరం సర్టిఫికెట్ కోసం ఐక్యూ టెస్ట్ చేసేవాళ్లు దొరక్క మా అత్త పని మానుకుని ఎంత తిరిగిందో దగ్గరుండి చూశాను. ఈ పని మన జిల్లాలో ఉండి చెయ్యాలంటే ఏ దారిలో వెళ్లాలో తెలిసినవాళ్లు కొంచెం వివరంగా చెప్పండి ప్లీజ్.

విజయనగరం_సైక్:
చెల్లీ, మీ సీనియర్ చెప్పిందే కరెక్టు. నేను ఎంఫిల్ చేసి ఇక్కడే హాస్పిటల్లో పని చేస్తున్నాను కాబట్టి తెలిసింది చెప్తాను. పీహెచ్‌డీ రీసెర్చ్ డిగ్రీ, అది వస్తే పేరు ముందు డాక్టర్ అని పెట్టుకోవచ్చు, యూనివర్సిటీలో పాఠాలు చెప్పొచ్చు, కానీ క్లినికల్ సైకాలజిస్ట్‌గా పేషెంట్‌కి టెస్టులు చేసి రిపోర్టు మీద సంతకం పెట్టాలంటే ఆర్‌సీఐ సెంట్రల్ రిజిస్టర్‌లో నీ పేరు ఉండాలి. మానసిక ఆరోగ్య చట్టం 2017లో క్లినికల్ సైకాలజిస్ట్ అంటే ఎవరో కూడా రాసి ఉంది, ఎంఏ తర్వాత సూపర్‌విజన్‌లో క్లినికల్ ట్రైనింగ్ ఉన్న రెండేళ్ల ఫుల్‌టైమ్ ఎంఫిల్ చేసినవాళ్లు, లేదా ఆర్‌సీఐ గుర్తించిన క్వాలిఫికేషన్ ఉన్నవాళ్లు అని. రిజిస్ట్రేషన్ లేకుండా ప్రాక్టీస్ చేస్తే 1992 ఆర్‌సీఐ చట్టం ప్రకారం ఏడాది వరకు జైలు కూడా ఉంది, జరిమానా వెయ్యి రూపాయలే కాబట్టి చాలామంది లెక్కచెయ్యట్లేదు, బోర్డులు పెట్టేసి కూర్చుంటున్నారు. నువ్వు ఆ దారికి వెళ్లకు.

ఆ రెండేళ్లలో ఏముంటుందంటే, పొద్దున్న ఓపీ, తర్వాత వార్డు, కేసు హిస్టరీ రాయడం, బినే-కామత్ (తెలివితేటల టెస్ట్), రోర్షాక్ (సిరా మచ్చల టెస్ట్) లాంటి టెస్టులు చేసి రిపోర్టు రాయడం, థెరపీ సెషన్ అయ్యాక సూపర్‌వైజర్ ముందు కూర్చుని ఆ ప్రశ్న ఎందుకడిగావు, అక్కడ ఎందుకు ఆగలేదు అని ఒక్కో మాటకీ జవాబు చెప్పుకోవడం, పైన డిసర్టేషన్. కష్టమే. కానీ ఆత్మహత్యాయత్నం చేసి వచ్చిన మనిషి ఎదురుగా కూర్చున్నప్పుడు ఏం మాట్లాడాలో, ఎప్పుడు ఊరుకోవాలో నేర్పేది ఆ సూపర్‌విజనే, పుస్తకంలో రాదది.

చిక్కు ఎక్కడంటే ఎంఫిల్ అన్నదాన్నే యూజీసీ (యూనివర్సిటీల మీద ఉండే కేంద్ర సంస్థ) 2022 రూల్స్‌తో తీసేసింది. మళ్లీ 2024 జనవరిలో క్లినికల్ సైకాలజీకీ సైకియాట్రిక్ సోషల్ వర్క్‌కీ మాత్రం 2025-26 అడ్మిషన్ల వరకు మినహాయింపు ఇచ్చారు, ఆ తర్వాత ఉందో లేదో ఆర్‌సీఐ సైట్‌లో చూసుకో. అందుకే సైడీ సంగతి కూడా చూడు, అది ప్రాక్టీస్ కోసం ఆర్‌సీఐ పెట్టిన డాక్టరేట్, నీలాగ పేషెంట్లతోనే పని అనుకునేవాళ్లకి సరిపోయేది అదే. ఏ కాలేజీ అయినా మాది ఆర్‌సీఐ కోర్సే అంటే నోటిమాట నమ్మకు, ఆర్‌సీఐ సైట్‌లో ఆ సంస్థ పేరు, కోర్సు పేరు, ఏ సంవత్సరం వరకు అనుమతి ఉందో మూడూ చూసుకున్నాకే ఫీజు కట్టు. బెంగళూరు నిమ్హాన్స్, రాంచీ సీఐపీ లాంటి గవర్నమెంట్ మానసిక వైద్య సంస్థల్లో సీట్లు తక్కువ, ఎంట్రన్స్ గట్టిగా ఉంటుంది, కానీ స్టైపెండ్ ఇస్తారు. ప్రైవేటులో లక్షలు. ముందు గవర్నమెంట్ వాటికే కూర్చో.

గంటస్తంభం_టు_ఒహాయో:
నేను విజయనగరం వాడినే, ఇక్కడ అమెరికాలో క్లినికల్ పీహెచ్‌డీ చేస్తున్నాను. ఆ కన్సల్టెన్సీ వాళ్ల మాట మీద మాత్రం పొలం తాకట్టు పెట్టనివ్వకమ్మా, దయచేసి. అమెరికాలో సైకాలజిస్ట్ లైసెన్స్ కావాలంటే చాలా రాష్ట్రాల్లో డాక్టరేట్ తప్పనిసరి, ఉత్త సైకాలజీ ఎంఎస్‌తో అది రాదు. ఆ తర్వాత ఈపీపీపీ అని లైసెన్స్ పరీక్ష, ఆ రాష్ట్రం అడిగినన్ని సూపర్‌విజన్ గంటలు, ఇవన్నీ ఉంటాయి.

ఇక్కడ పీహెచ్‌డీ, సైడీ రెండూ ప్రాక్టీస్‌కి పనికొస్తాయి, మన దగ్గరలాగ కాదు. 1949లో బౌల్డర్‌లో పెద్ద కాన్ఫరెన్స్ పెట్టి క్లినికల్ సైకాలజిస్ట్ అంటే రీసెర్చ్, వైద్యం రెండూ రావాలి అని తీర్మానించారు, అందుకే ఇక్కడి పీహెచ్‌డీలో పేషెంట్ల ట్రైనింగ్ కూడా కలిసే ఉంటుంది. సైడీ తర్వాత వచ్చింది, 1973 వెయిల్ కాన్ఫరెన్స్‌లో దానికి ఆమోదం దొరికింది. తేడా ఎక్కువగా డబ్బు దగ్గర కనిపిస్తుంది. మంచి యూనివర్సిటీ పీహెచ్‌డీలో ట్యూషన్ ఫీజు మాఫీ చేసి స్టైపెండ్ ఇస్తారు, సైడీలో చాలావరకు మన జేబులోంచే. పీహెచ్‌డీ సీటు ఎంత కష్టమంటే ఒక ప్రొఫెసర్ ఏడాదికి ఒక్కర్నో ఇద్దర్నో తీసుకుంటారు, కొన్నేళ్లు అసలు తీసుకోరు, నీ రీసెర్చ్ ఇంట్రస్ట్ ఆయన ల్యాబ్‌తో కలవాలి. డిసెంబర్ కల్లా అప్లికేషన్లు, జనవరి ఫిబ్రవరిల్లో ఇంటర్వ్యూలు. చేరాక ఐదారేళ్లు, అందులో ఆఖరి ఏడాది ఇంటర్న్‌షిప్, మనలాంటి వీసా వాళ్లకి అక్కడ ఇంకో ఇబ్బంది, వెటరన్స్ (మాజీ సైనికుల) హాస్పిటల్స్ ఇంటర్న్‌షిప్‌లు ఇక్కడి పౌరులకే.

ఇక మనసులో మాట చెప్తాను. నీకు శ్రీకాకుళంలోనే పని చెయ్యాలనుంటే ఇంత దూరం రావద్దు. నేను రోజంతా ఇంగ్లీషులో థెరపీ చేస్తాను, మనవాళ్లు "గుండెల్లో బరువుగా ఉన్నాది" అన్నప్పుడు అది దిగులో, గ్యాసో, గుండెజబ్బు భయమో పట్టుకోవాలంటే ఆ మనుషుల మధ్య ట్రైనింగ్ అవ్వాలి, అది ఇక్కడ దొరకదు.

పలాస_రీసెర్చ్:
పైన ఇద్దరూ బాగా చెప్పారు గానీ పీహెచ్‌డీని మరీ తక్కువ చెయ్యకండి. చెల్లెమ్మా, క్లినికల్ ట్రైనింగ్ ముందు పూర్తి చెయ్యి, ఆ తర్వాత పీహెచ్‌డీ కూడా చెయ్యి అంటాను నేను. మన ప్రాంతంలో ఎవరూ సరిగ్గా చూడని సమస్యలు ఎన్నున్నాయో! ఉద్దానం చూడు, కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు మండలాల్లో ఇంటికొకరు కిడ్నీ జబ్బు అన్నట్టుంది, జీవితాంతం డయాలసిస్ అని తెలిసిన మనిషి మనసు ఎలా ఉంటుంది, వాళ్లని తీసుకొచ్చి బయట బల్ల మీద కూర్చునే భార్య సంగతేంటి, ఇది అడిగేవాళ్లు లేరు. పలాసలో కిడ్నీ రీసెర్చ్ సెంటర్, 200 పడకల హాస్పిటల్ 2023 డిసెంబర్‌లో మొదలయ్యాయి, అక్కడ సైకాలజీ వాళ్లకి చెయ్యడానికి బోలెడు పని. తిత్లీ తుఫానుకి 2018లో జీడితోటలు, కొబ్బరి చెట్లు పోయినవాళ్లు సరేసరి. సీతంపేట సవర గిరిజన పిల్లలకి తెలుగులో ఉన్న ఐక్యూ టెస్ట్ పెట్టి మార్కులు తక్కువొచ్చాయంటే లోపం పిల్లాడిదా, ప్రశ్నదా? ఇవి తేల్చాలంటే మన మనిషే రీసెర్చ్ చెయ్యాలి.

డబ్బు గురించి అయితే జేఆర్ఎఫ్ (నెట్ ద్వారా వచ్చే రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే మొదటి రెండేళ్లు నెలకి 37,000, తర్వాత 42,000, పైన హెచ్ఆర్ఏ. నెట్ ఏడాదికి రెండుసార్లు, జూన్, డిసెంబర్. జేఆర్ఎఫ్ వయసు పరిమితిలో ఆడపిల్లలకి ఐదేళ్లు సడలింపు ఉంది కాబట్టి తొందరపడి ఇప్పుడే పీహెచ్‌డీలో దూరిపోనవసరం లేదు.

నాగావళి_అమ్మాయి:
అన్నయ్యలూ అందరికీ చాలా థాంక్స్, నాన్నకి ఇదంతా చదివి వినిపించాను, లోన్ మాట మానేశాం. ఒక్క డౌటు. ఈ ఏడాది ఎంట్రన్స్‌లో రాకపోతే ఖాళీగా ఉండాలా, మధ్యలో ఏం చెయ్యొచ్చు?

విజయనగరం_సైక్:
ఖాళీగా ఎందుకమ్మా. ప్రత్యేక అవసరాలున్న పిల్లల స్కూల్లో గానీ, సైకియాట్రీ డిపార్ట్‌మెంట్ ఉన్న హాస్పిటల్లో సూపర్‌విజన్ కింద అబ్జర్వర్‌గా గానీ చేరు, ఎంట్రన్స్ ఇంటర్వ్యూలో అదే అడుగుతారు. సొంతంగా కౌన్సెలింగ్ మాత్రం మొదలెట్టకు. ఎవరైనా చనిపోవాలనుంది అని నీతో అంటే టెలిమానస్ (ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్) 14416కి ఫోన్ కలిపి ఇవ్వు, తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులేమీ అవ్వవు. అంతవరకూ పక్కనే ఉండు, ఇంట్లో పెద్దవాళ్లకి చెప్పు. అబ్నార్మల్ సైకాలజీ, స్టాటిస్టిక్స్ ఇప్పట్నుంచే రోజూ చదువు, స్టాటిస్టిక్స్‌లోనే చాలామంది పోతున్నారు. నా పాత నోట్స్ ఉన్నాయి, మెసేజ్ పెట్టు, పంపుతాను.