మే 8 పండుగ తీసేశారంటే గర్గానో దర్శనాన్ని తిరుసభ (కతోలిక సంఘం) వదులుకున్నట్టేనా?

గుహద్వారం:
దక్షిణ ఇటలీలో గర్గానో కొండ మీద అతిదూత (ప్రధాన దేవదూత) మిఖాయేలు కనిపించాడని కతోలికుల సంప్రదాయం. తప్పిపోయిన ఎద్దు ఒక గుహ దగ్గర దొరికిందట. కోపమొచ్చి యజమాని బాణం వేస్తే అది వెనక్కి తిరిగి అతనికే తగిలిందట. అక్కడి సిపోంతో పట్టణపు పీఠాధిపతి (బిషప్) మూడు రోజులు ఉపవాసం పెట్టించాక అతిదూత కనిపించి ఆ గుహ తనదని చెప్పాడంటారు. ఇదంతా 490 ప్రాంతంలో జరిగిందని చెబుతారు. దీని పేరుతో రోమను క్యాలెండర్‌లో, అంటే తిరుసభ పండుగల పట్టికలో, మే 8న పండుగ ఉండేది. 1960లో 23వ యోహాను పోపు దాన్ని తీసేశారు. నిజంగా నమ్మితే ఎందుకు తీస్తారు? చప్పుడు కాకుండా వదిలించుకున్నారనే నా అనుమానం.

జోజి_బెజవాడ:
అదే సవరణలో ఇంకేం పోయాయో కూడా చూడండి. మే 3న సిలువ దొరికిన పండుగ, ఆగస్టు 1న పేతురు గారి సంకెళ్ల పండుగ కూడా పోయాయి. మరి సిలువను కూడా వదులుకున్నారా? ఒకే సందర్భానికి, ఒకే పునీతుడికి రెండేసి పండుగలుంటే ఒకటి ఉంచారు, అంతే. మిఖాయేలుకు సెప్టెంబరు 29 ఉండనే ఉంది. ఇక ఆ గుహ ఉన్న మోంతె సాంతాంజెలో ఊళ్లో మే 8 ఇప్పటికీ చేస్తున్నారు, ఎవరూ ఆపమనలేదు.

పాతరాతలు:
జోజి అన్నా, క్యాలెండర్ సంగతి ఒప్పుకుంటాను. నా అభ్యంతరం పండుగ మీద కాదు, కథ మీద. ఎద్దు, బాణం ఉన్న లాటిన్ కథనం మనకు దొరికేది దాదాపు 8వ శతాబ్దపు రూపంలో. జరిగిందంటున్న కాలానికీ దానికీ మధ్య రెండు మూడు వందల ఏళ్లు. అందులో రెండో ఘట్టం ఒక యుద్ధం. అతిదూత సహాయంతో సిపోంతో, బెనెవెంతో వాళ్లు నేపుల్స్ సైన్యం మీద గెలుస్తారు. 7వ శతాబ్దంలో బెనెవెంతోను ఏలిన లొంబార్డు జాతి డ్యూక్ గ్రిమొవాల్డు ఈ గుడిని దోచుకోవడానికొచ్చిన బైజాంటైన్ (తూర్పు రోమను) సేనను తరిమికొట్టాడని చరిత్రలో ఉంది. ఆ గెలుపే వెనక్కి జరిగి 5వ శతాబ్దంలో కూర్చుందేమో! ఇంకొకటి. క్రీస్తు కాలానికి అటూ ఇటూ రాసిన గ్రీకు భూగోళ రచయిత స్ట్రాబో, ఆ ప్రాంతపు కొండ మీద కాల్కాస్ అనే జోస్యుడి గుడి ఉందనీ, భక్తులు నల్ల పొట్టేలును బలిచ్చి దాని తోలు మీదే పడుకుని కలలో జవాబు కోసం చూసేవారనీ చెప్పాడు. కలలో దర్శనం అక్కడ మిఖాయేలుతో మొదలైంది కాదు.

రోజమ్మ టీచర్:
బాబూ, పాత గుడి ఉన్నచోటే కొత్త ప్రార్థన మొదలైతే తప్పేముంది? అయినా నాకు ఆసక్తి కథ కంటే గోడల మీదే ఎక్కువ. ఆ గుహాలయం గోడల మీద ఇంగ్లండు యాత్రికులు రూన్ అనే పాత ఉత్తర ఐరోపా లిపిలో తమ పేర్లు చెక్కుకున్నారు. అవి 7-9 శతాబ్దాల మధ్యవి. అంత దూరం నుంచి, ఆ రోజుల్లో, దారిదోపిడీలూ జ్వరాలూ దాటుకుని వచ్చారు. 708లో ఫ్రాన్సులో మాన్ సాన్ మిషెల్ అనే మిఖాయేలు గుడి కట్టించిన ఆబెర్ పీఠాధిపతి కూడా పవిత్ర అవశేషాల కోసం గర్గానోకే మనుషుల్ని పంపాడని అక్కడి సంప్రదాయం.

పాతరాతలు:
టీచరమ్మా, యాత్రికులు వచ్చారంటే గుడి పేరున్నదని తెలుస్తుంది. దర్శనం జరిగిందని ఎలా తెలుస్తుంది?

గుహద్వారం:
నా ప్రశ్న కూడా అదే. పైగా 1961లో స్పెయిన్‌లోని గరబందాల్‌లో నలుగురు ఆడపిల్లలు మిఖాయేలు కనిపించాడని చెబితే, అతీంద్రియమని తేలలేదని సాంతాందేర్ పీఠాధిపతులు అన్నారు. పిల్లల్ని నిలబెట్టి ప్రశ్నలు వేశారు. గర్గానోకు అలాంటి విచారణ ఏదీ? పాతదైతే పరీక్ష అక్కర్లేదా?

జోజి_బెజవాడ:
5వ శతాబ్దంలో విచారణ కమిషన్ ఎక్కడి నుంచి తెస్తామండీ! తిరుసభ కూడా దాన్ని విశ్వాస సత్యంగా ఎవరి మీదా రుద్దలేదు. ఇలాంటివి వ్యక్తిగత ప్రకటనల (ఎవరికో ఒకరికి కలిగిన దర్శనాల) కిందికి వస్తాయి. తిరుసభ బోధనల పుస్తకమైన కతోలిక సత్యోపదేశం 67వ పేరాలో ఆ మాటే ఉంది: అవి విశ్వాస నిధిలో, అంటే అందరూ నమ్మి తీరాల్సిన బోధలో, భాగం కావు. 2024 మే 17న వాటికన్ ఇచ్చిన కొత్త నియమాల్లో అయితే, 'ఇది అతీంద్రియమే' అని ప్రకటించడం మామూలుగా ఉండదనే చెప్పారు. భక్తికి అడ్డు లేదని చెప్పి ఊరుకుంటారు. గర్గానోలో ఇన్నాళ్లూ జరిగింది ఇదే. 1987 మేలో రెండో జాన్ పాల్ పోపు అక్కడికి వెళ్లి ప్రార్థించారు. వదులుకున్న చోటికి పోపు ఎందుకు వెళ్తారు?

రోజమ్మ టీచర్:
1656 మర్చిపోతున్నారు. ప్లేగు వచ్చినప్పుడు పుచ్చినెల్లి అనే అక్కడి పీఠాధిపతికి మిఖాయేలు కనిపించి, గుహ రాళ్లను ఆశీర్వదించి, వాటి మీద సిలువ గుర్తూ తన పేరు తొలి అక్షరాలూ చెక్కమన్నాడని చెబుతారు. ఇది మీరు అడిగే పురాతన కాలం కాదు. ఆ పీఠాధిపతి పేరూ ఊరూ ఉన్న మనిషి.

పాతరాతలు:
అవును, అది వేరే కేసు. సాక్షి ఉన్నాడు, తేదీ ఉంది. ప్లేగు భయంలో ఉపవాసాలతో ఉన్న ఒక్క మనిషి చూశాడన్నదే నాకు ఇబ్బంది. అయినా ఎద్దు కథ కంటే దీన్ని వంద రెట్లు నయంగా చర్చించవచ్చు. రోములో 590 ప్లేగు ఆగేటప్పుడు మిఖాయేలు కత్తి ఒరలో పెడుతూ కనిపించాడనే దర్శనాన్ని మాత్రం ఎవరూ తీసుకురాకండి. గ్రెగరీ పోపు ప్రదక్షిణ గురించి ఆ కాలంలోనే రాసిన మరో గ్రెగరీ, ఫ్రాన్సులోని టూర్ పీఠాధిపతి, నడుస్తూ నడుస్తూ 80 మంది కూలిపోయారని చెప్పాడు గానీ కత్తి ఒరలో పెట్టే దూత ఊసే ఎత్తలేదు.

గుహద్వారం:
1656 మీద వేరే చర్చ పెడతాను. ఆ రాళ్ల గురించి తెలిసినవాళ్లు అక్కడికి రండి. మే 8 విషయంలో జోజి గారి జవాబు సగమే నచ్చింది. పండుగ ఎందుకు తీశారో చెప్పారు. మొదట అందరికీ ఎందుకు పెట్టారో చెప్పలేదు.