ఫొటో మీద గీసింది మన బొమ్మేనా?

పాలకొల్లు పెన్సిల్:
సాయంత్రాలు సరదాగా ఫోన్‌లో బొమ్మలేస్తుంటాను. ఐబిస్ పెయింట్ అనే యాప్‌లో, వేలితోనే. మొన్న మా కాలవ గట్టు ఫొటో నేనే తీసి, కింద లేయర్‌లో (అంటే అడుగు పొరలో) పెట్టి, మసక చేసి, పై లేయర్‌లో గీతలు లాగి రంగులేశాను. మా బావగారు చూసి "కాపీయే కదా, ఇందులో నీదేముంది?" అనేశారు. అమ్మేది లేదు, పోటీకి పంపేది లేదు. తప్పంటారా?

లంక మామిడి:
తప్పేముందండీ! సినిమా బ్యానర్లు రాసేవాళ్లు ఫొటో మీద గళ్లు కొట్టి, ఆ గళ్ల లెక్కతోనే గోడంత గుడ్డ మీదికి ఎక్కించేవారు. ఇంగ్లండులో వొలాస్టన్ అనే శాస్త్రవేత్త 1806లో పేటెంట్ తీసుకున్న కెమెరా లూసిడా అనే పరికరం పనీ అదే. పట్టకంలోంచి చూస్తే ఎదుటి దృశ్యం కాగితం మీద ఉన్నట్టు కనిపిస్తుంది, దాని వెంట గీసుకోవడమే. వాళ్లకి లేని తప్పు మీకెందుకు?

బొబ్బర్లంక లాకు:
నేను బావగారి పక్షమే, కాకపోతే కారణం వేరు. ఫొటో మీరు తీసిందే, బొమ్మ మీరు వేసిందే, కాపీ గొడవ లేదు. (ఇంకొకరి ఫొటో మీద గీసి ఆ సంగతి చెప్పకపోతే అది వేరే లెక్క.) అసలు చిక్కు ఏంటంటే, ఫొటోలో ఉన్నదంతా గీసేస్తాం. కొబ్బరి మట్టే తీసుకోండి. ఫొటో మీద గీస్తే ఒక్క ఆకూ వదలం, అన్నీ ఒకే మందం, చివరికి దువ్వెన తయారవుతుంది. చెట్టు కింద నిలబడి చూసి గీస్తే ముందు మట్ట వంపు పడుతుంది, తర్వాత గాలి వాలున నాలుగాకులు, మిగతాది ఖాళీ. రంగూ అంతే. వరదలప్పుడు గోదారి ఎర్రగా వస్తుందా, ఫోన్ కెమెరా తనంతట తాను రంగులు సర్దేసి ఒక్కోసారి ఆ ఎరుపు మింగేస్తుంది. ఫొటోలోంచి రంగు ఎత్తిచ్చే కలర్ పికర్‌తో తీస్తే సిమెంటు రంగొస్తుంది. మన నరసాపురంలో పుట్టిన బాపు గారి బొమ్మలు చూడండి, ఎన్ని గీతలు వేయకుండా వదిలేశారో!

పాలకొల్లు పెన్సిల్:
నిజమే గానీ, చూసి గీస్తే నాకు పెంకుటింటి కప్పు వంకరపోతుందండీ. వేలు వణుకుతుంది కూడా.

రాజోలు రంగులు:
వణుకుకి స్టెబిలైజర్ పెంచుకోండి. అవునూ లాకు గారూ, స్టెబిలైజర్, అన్‌డూ ఒప్పయితే ట్రేసింగ్ ఒక్కటే తప్పెలా అయింది?

బొబ్బర్లంక లాకు:
స్టెబిలైజర్ వణుకు తీస్తుందంతే, ఏం గీయాలో చెప్పదు. కింద ఉన్న ఫొటో చెబుతుంది.

లంక మామిడి:
ఆయ్, బాగుందండీ! పొద్దంతా పనిచేసొచ్చి అరగంట బొమ్మేసుకునేవాడు చీకట్లో కొబ్బరిచెట్టు కింద నిలబడాలన్నమాట. సరదాకి కూడా పరీక్షలేనా?

బొబ్బర్లంక లాకు:
నిలబడక్కర్లేదండీ బాబూ. పెన్సిల్ గారూ, అదే ఫొటో లేయర్‌లో కాకుండా పక్కన పెట్టుకుని ఇంకోసారి వేయండి. కప్పుకి మటుకు రూలర్ వాడుకోండి. రెండు బొమ్మలూ ఇక్కడ పెడితే అందరం చూస్తాం.

పాలకొల్లు పెన్సిల్:
రేపు కరెంటుంటే పెడతాను. బావగారికి మాత్రం చూపించను.