ఎన్‌క్రిప్ట్ చేసిన క్లౌడ్ బ్యాకప్‌ను కొత్త నాస్‌లోకి దించుకోవడం ఎలా?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. మా ఇంటి నాస్‌లోని (ఇంటి నెట్‌వర్క్‌కు కలిపి ఫైళ్లు దాచుకునే పెట్టె) రెండు డిస్కులూ ఒకే వారంలో పాడైపోయాయి. అందులోని 1.8 టీబీ ఫొటోలను, పత్రాలను ఆర్‌క్లోన్ అనే ఫైళ్ల కాపీ ప్రోగ్రాంలోని క్రిప్ట్ సదుపాయంతో ఎన్‌క్రిప్ట్ చేసి (పాస్‌వర్డ్ లేనిదే చదవలేని రూపంలోకి మార్చి) క్లౌడ్‌లో దాచి ఉంచాను కనుక, ధైర్యంగా కొత్త నాస్ కొని దానిలో ఆర్‌క్లోన్‌ను మళ్లీ అమర్చాను. గుర్తున్న పాస్‌వర్డ్ ఇస్తే ఫోల్డర్ ఖాళీగా కనిపిస్తోంది. బ్రౌజర్‌లో చూస్తే మాత్రం అర్థం కాని పేర్లతో వేల ఫైళ్లు అక్కడే ఉన్నాయి. మా నాన్నగారి చివరి ఫొటోలు వాటిలోనే ఉన్నాయి. దయచేసి దారి చూపండి.

మొదటి సమాధానం:
జాబితా ఖాళీగా వచ్చినంత మాత్రాన డేటా పోయినట్టు కాదండీ. పాస్‌వర్డ్ సరిపోనప్పుడు ఆర్‌క్లోన్ ఆ పేర్లను విప్పలేక, ఆ ఫైళ్లను చూపకుండా వదిలేస్తుంది. మొదట్లో సాల్ట్ అనే రెండో పాస్‌వర్డ్ కూడా ఇచ్చి ఉంటే, అది లేకుండా మొదటిది ఒక్కటే పనికిరాదు. కొత్త రిమోట్‌కు (క్లౌడ్‌ను చేరడానికి ఆర్‌క్లోన్‌లో పెట్టుకునే అమరిక) పాత ఫోల్డర్ దారినే ఇచ్చారో లేదో కూడా చూడండి, ఒక మెట్టు పైన ఇచ్చినా ఇలాగే అవుతుంది. ఈలోగా, ఒకవైపు ఉన్నట్టే రెండోవైపునూ మార్చేసే సింక్ ఆదేశం మాత్రం వాడవద్దని గట్టిగా చెబుతున్నాను. ఖాళీ నాస్ నుంచి క్లౌడ్‌కు సింక్ చేస్తే అక్కడున్నవి కూడా చెరిగిపోవచ్చు.

రెండో సమాధానం:
బ్యాకప్ అమర్చిన పాత కంప్యూటర్ ఇంకా ఉందా? ఉంటే దానిలో 'ఆర్‌క్లోన్ కాన్ఫిగ్ ఫైల్' అనే ఆదేశం ఇవ్వండి, ఆర్‌క్లోన్ తన అమరికలు దాచుకునే కాన్ఫిగ్ ఫైలు ఎక్కడుందో చెబుతుంది. రెండు పాస్‌వర్డ్‌లూ అందులో మరుగుపరిచిన రూపంలో ఉంటాయి కాబట్టి, ఆ ఫైలును ఉన్నదున్నట్టుగా కొత్త నాస్‌లోకి తెచ్చుకుంటే చాలు. అయితే ఆ మరుగు గట్టిది కాదు, ఆ ఫైలు ఎవరి చేతికి చిక్కినా తాళంచెవి చిక్కినట్టే.

ముందు ఒక్క ఫొటోను దించి, తెరిచి చూడండి. ఆ తరువాతే 'కాపీ' మొదలుపెట్టండి. 100 ఎంబీపీఎస్ లైను పూర్తి వేగంతో నడిచినా 1.8 టీబీకి 40 గంటలు పడుతుంది. మధ్యలో కరెంటు పోయినా మళ్లీ అదే ఆదేశం ఇవ్వండి, పూర్తయిన ఫైళ్లను అది దాటేస్తుంది. చివర్లో, దిగిన ఫైళ్లను క్లౌడ్‌లోని వాటితో పోల్చే 'క్రిప్ట్‌చెక్' ఆదేశంతో సరిచూసుకోండి. డౌన్‌లోడుకు మీ క్లౌడ్ సంస్థ వసూలు చేసే రుసుమును, మీ ఇంటర్నెట్ ప్లాన్ నెలవారీ పరిమితిని ముందే తెలుసుకోవడం మంచిది.

అడిగినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. అటక మీది పాత ల్యాప్‌టాప్‌లో ఆ ఫైలు దొరికింది. రెండో పాస్‌వర్డ్ నిజంగానే ఉంది, నేనే మరిచిపోయాను. పరీక్షగా దించిన మొదటి ఫొటోలో నాన్నగారు అరుగు మీద కూర్చుని, కళ్లజోడు ముక్కు మీదికి జార్చుకుని పేపరు చదువుతున్నారు. మిగిలినవి ఈ ఉదయం నుంచి దిగుతున్నాయి. రెండు పాస్‌వర్డ్‌లనూ కాగితం మీద రాసి, ఇంటి దస్తావేజులతో పాటు బీరువాలో పెట్టాను.