పక్షవాతం వచ్చినవాళ్ళకి ఆక్సిజన్ పెట్టాలా? నాన్నగారికి పెట్టట్లేదు

రాజోలు కుర్రోడు:
నమస్తే అండి. మొన్న పొద్దున్న నాన్నగారు కొబ్బరి దింపు దగ్గర నిలబడి ఉండగానే మూతి వంకరపోయి కుడి చెయ్యి కాలు పడిపోయాయి, అమలాపురం తీసుకొచ్చాం, స్కాన్ చూసి మెదడులో రక్తం గడ్డ అడ్డంపడింది అన్నారు. పక్క బెడ్ ఆయనకి ఆక్సిజన్ పెట్టారు, నాన్నగారికి పెట్టలేదు, అడిగితే 97 ఉంది అక్కర్లేదు అనేసి వెళ్ళిపోతున్నారు. మా బావ ఏమో కరోనా అప్పుడు కొన్న కాన్సెంట్రేటర్ అటక మీద ఉంది పట్టుకొచ్చేస్తా, మెదడుకి ఆక్సిజన్ అందకే కదా ఇది వచ్చింది అంటున్నాడు. తెమ్మనమంటారా?

నైట్‌డ్యూటీ సిస్టర్:
వద్దండి. కాలవలో గుర్రపుడెక్క అడ్డంపడి శివారు చేనుకి నీరెక్కకపోతే ధవళేశ్వరం దగ్గర ఇంకాస్త నీళ్ళు వదిలి ఏం లాభం, ఇదీ అంతే. 97 అంటే రక్తంలో ఆక్సిజన్ నిండుగానే ఉంది, రక్తనాళం మూసుకుపోయిన చోటికే అది వెళ్ళట్లేదు. ఇదే తేల్చడానికి బ్రిటన్‌లో 8003 మంది మీద ట్రయల్ చేశారు, 2017లో రిజల్ట్ వచ్చింది, ముక్కుకి ఆక్సిజన్ పెట్టినవాళ్ళూ పెట్టనివాళ్ళూ మూడు నెలలకి ఒకేలా ఉన్నారు, చావుల్లోనూ తేడా లేదు. 94 కంటే తగ్గితే మాత్రం పెట్టాల్సిందే, పక్క బెడ్ ఆయనకి నెమ్ము చేసి తగ్గిందేమో. అన్నట్టు మింగగలరో లేదో టెస్ట్ చెయ్యకుండా నోట్లో ఏమీ పొయ్యకండి బాబూ, ఇక్కడ అందరూ కొబ్బరినీళ్ళు పట్టేస్తారు, అది పొలమారి ఊపిరితిత్తుల్లోకి పోతే అప్పుడు నిజంగానే ఆక్సిజన్ కావాల్సొస్తుంది.

గోదారిగట్టు:
హైపర్‌బేరిక్ చాంబర్‌లో, అదే గాలి ఒత్తిడి పెంచి ఆక్సిజన్ పీల్పించే గదిలో, పడుకోబెడితే లేచి నడుస్తారంట కదా, యూట్యూబ్‌లో చూశా

నైట్‌డ్యూటీ సిస్టర్:
రక్తంలో గాలి బుడగ చేరి వచ్చిన స్ట్రోక్ అయితే అది వేరేనండి. మామూలు గడ్డకి గైడ్‌లైన్స్ వద్దనే చెప్తున్నాయి. దానికి డబ్బులు పొయ్యకండి.

యానాం వంతెన:
మా పెదనాన్నకి ఊళ్ళో ఆర్ఎంపీ గ్లూకోజ్ ఎక్కిస్తా కూర్చున్నాడు, మేమూ తగ్గిపోద్దిలే అనుకున్నాం, కాకినాడ చేరేసరికి గడ్డ కరిగించే ఇంజక్షన్‌కి ఉన్న నాలుగున్నర గంటలూ దాటిపోయాయి. ఆక్సిజన్ గొడవకంటే ఆ టైం గొడవ ఊళ్ళో చెప్పాలి ముందు. ఇప్పటికీ కర్ర పట్టుకునే నడుస్తాడు.

రాజోలు కుర్రోడు:
బావకి వద్దని చెప్పేశా, అలిగాడు. కానీ సిస్టర్ గారూ, పొద్దున్నే అమ్మ రెండు చెంచాలు కొబ్బరినీళ్ళు పట్టేసిందండి, పొలమారలేదు గానీ కొంచెం దగ్గారు. ఇక్కడ డ్యూటీలో ఉన్నామెకి ఇప్పుడే చెప్పి వస్తా.