'క'తో మొదలయ్యే తోక జంతువులు: కొండచిలువ, కప్ప లెక్కలోకి వస్తాయా?

గోదారిగట్టు: సెలవుల్లో పిల్లల ఆట దగ్గర గొడవొచ్చింది. 'క'తో మొదలై, తోక ఉన్న జంతువులు రాయాలి. మా మేనకోడలు కుక్క, కోతి, కంగారు, కుందేలు, కొండచిలువ, కప్ప అని రాసింది. చివరి రెండూ మా బావగారు కొట్టేశారు. పాముకి ఒళ్లంతా తోకే, విడిగా తోకేంటని ఆయన వాదన. మీరేమంటారు?

లెక్కలమాస్టారు: బావగారిదే కరెక్టు. కప్పకి తోక ఎక్కడ చూశారండీ?

పెరటితోట: కొండచిలువకి మాత్రం మార్కు ఇవ్వాల్సిందే. పాము పొట్ట కింద, వెనకవైపు అడ్డంగా ఒక చీలిక ఉంటుంది. విసర్జన అక్కడినుంచే. దాని ముందున్నది ఒళ్లు, వెనకున్నది తోక. ఒంటి పొడవునా పక్కటెముకలుంటాయి, తోకలో ఉండవు. కొండచిలువకైతే ఆ చీలికకి రెండు పక్కలా చిన్న గోళ్లలాంటివి ఉంటాయి, ఒకప్పటి వెనక కాళ్ల గుర్తులు.

నమ్మకం కుదరకపోతే కుబుసం దొరికినప్పుడు వెల్లకిలా తిప్పి చూడండి. మా కొట్టం దగ్గర జెర్రిపోతు విడిచిన కుబుసంలో పొట్ట కింద వెడల్పాటి పొలుసులు ఒకే వరుసలో వచ్చి, చీలిక దాటగానే జంటలు జంటలుగా మారాయి. తోక ఎక్కడ మొదలైందో వేలు పెట్టి చూపించొచ్చు. (కట్లపాముకి తోక కింద కూడా ఒకే వరుస. దాన్ని చూసి కంగారు పడకండి.)

లెక్కలమాస్టారు: పాము సంగతి సరే. కప్ప మాటేంటి?

నైట్‌డ్యూటీ: కప్పపిల్లకి తోక ఉంటుందిగా! పైగా అది ఊడిపడదు. థైరాయిడ్ హార్మోన్ పెరిగేకొద్దీ కరిగి ఒంట్లోకే పోతుంది. అప్పుడే, నాచు గీక్కుతినే నోరు పురుగుల్ని పట్టే నోరుగా మారుతుంటుంది కాబట్టి తిండి దాదాపు బంద్. తోకే చద్దిమూట. మిగిలిన తోక వెన్నుపూసలు కలిసిపోయి నడుం లోపల ఒకే పొడవాటి ఎముకవుతాయి. అలాంటిదాన్ని తోక లేదని కొట్టేస్తే ఎలా?

లెక్కలమాస్టారు: లోపల ఎముకుంటే చాలంటే మనకీ ఉంది. బాత్రూంలో జారిపడ్డవాళ్లని అడగండి, ఎక్కడుందో చెప్తారు.

ఓరుగల్లు: ఆ అమ్మాయి కప్ప అని రాసింది, తోకకప్ప అని కాదు. అలా రాస్తే 'త'లోకి పోతుంది. నా ఓటు సున్నా. అసలు కోతినెవరూ అడగరేం? మన దక్షిణాది కోతికి తోక ఇంచుమించు ఒంటి పొడవుంటుంది. ఉత్తరాది రీసస్ కోతికి అందులో సగం. జిబ్రాల్టర్ కొండమీది బార్బరీ కోతికి బయటికి కనిపించే తోకే లేదు.

పెరటితోట: ఒక రకానికి లేదని కోతులన్నిటినీ కొట్టేస్తామా? ఎక్కువ రకాలకి, పెద్దయ్యాక, బయటికి కనిపించేలా ఉంటేనే తోక. నా లెక్క అంతే. అందులో కోతి పాస్, కప్ప ఫెయిల్.

నైట్‌డ్యూటీ: ఉత్తర అమెరికా పడమటి కొండవాగుల్లో 'తోక ఉన్న కప్ప' అనే పేరుతోనే ఒకటుంది. మగదానికి పెద్దయ్యాక కూడా వెనక స్పష్టంగా కనిపిస్తుంది.

పెరటితోట: కనిపిస్తుంది, కానీ అది తోక కాదండీ. వడిగా పారే నీళ్లలో జత కట్టడానికి ఉన్న అవయవం. పిల్లలకి ఆ ముక్క మీరే వివరించి మార్కు ఇప్పించండి.

గోదారిగట్టు: వద్దులెండి! కొండచిలువకి మార్కు వేశాం. ఇప్పుడు కోడి రాయొచ్చా అని అడుగుతోంది.