మిర్యాలగూడ నుంచి రోబోటిక్స్ పోటీకి: అక్కాతమ్ముళ్లు ఒకే టీమ్‌లో ఉండొచ్చా?

ప్రశ్న (మిర్యాలగూడ అమ్మ):
మా పాపకు 12 ఏళ్లు, బాబుకు 9. పాత కూలర్ మోటార్ దొరికితే ఇద్దరికీ అన్నం కూడా గుర్తుండదు. ఇద్దరినీ కలిపి ఏ పోటీకి పంపొచ్చు?

జవాబు (జడ్చర్ల, ఫిజిక్స్ టీచర్‌ని):
పంపొచ్చమ్మా. ఫస్ట్ లెగో లీగ్ అని, పిల్లలు లెగో ముక్కలతో రోబో కట్టి పోటీపడే లీగ్ ఉంది. అందులో ఛాలెంజ్ విభాగం 9 నుంచి 16 ఏళ్ల వాళ్లకు. రోబో ఆట రెండున్నర నిమిషాలే. రిమోట్ ఉండదు, పిల్లలు రాసిన ప్రోగ్రామ్ ప్రకారమే రోబో నడవాలి. నాకైతే ఆ ఆటకన్నా అదే పోటీలో ఉండే ఇన్నోవేషన్ ప్రాజెక్టే ఇష్టం. ఆ ఏటి థీమ్‌కు తగిన సమస్యను పిల్లలే వెతికి, పరిష్కారం ఆలోచించి, జడ్జీల ముందు వాళ్లే మాట్లాడాలి. 2017-18లో థీమ్ నీళ్లు. మర్రిగూడ వైపు ఫ్లోరైడ్ బాధ చూసిన మన పిల్లలకన్నా దాని గురించి ఎవరు బాగా చెప్పగలరు?

వరల్డ్ రోబోట్ ఒలింపియాడ్ కూడా ఉంది. దాని రోబోమిషన్ విభాగంలో ఎలిమెంటరీ 8-12 ఏళ్లు, జూనియర్ 11-15, సీనియర్ 14-19. టీమ్‌కు ఇద్దరు లేదా ముగ్గురే. వచ్చే ఏడు పాప ఎలిమెంటరీ దాటిపోతుంది, బాబుకు జూనియర్ వయసు రాదు. అందుకే నేను మొదటిదే చెప్తాను.

జవాబు (దేవరకొండ):
రోబో కిట్ ఖరీదే అసలు టెన్షన్ అక్కా. దగ్గర్లో అటల్ టింకరింగ్ ల్యాబ్ (పిల్లలు చేత్తో పరికరాలు తయారు చేసి నేర్చుకునే ప్రభుత్వ పథకం ల్యాబ్) ఉన్న బడి ఉంటే హెడ్‌మాస్టర్‌ని అడగండి. అది 6 నుంచి 12వ తరగతి పిల్లలకు కాబట్టి పాపకు సెన్సర్లు, త్రీడీ ప్రింటర్ అలవాటవుతాయి.

ప్రశ్న అడిగిన అమ్మ:
చాలా థ్యాంక్స్ సార్, తమ్ముడూ. సోమవారం బడికి వెళ్లి అడుగుతాను. ఎదురింటి అమ్మాయి స్క్రాచ్‌లో (బ్లాకులు కలిపి ప్రోగ్రామ్ రాసే పిల్లల సాఫ్ట్‌వేర్) బాగా చేస్తుంది, తననూ కలుపుకుంటాం.