కేదార్‌కంఠ: అదనపు రాత్రి ఏ క్యాంపులో ఉంటే మేలు?

డిసెంబరు ఆఖర్లో ఉత్తరాఖండ్‌లోని కేదార్‌కంఠ శిఖరం (3,810 మీ.) ఎక్కినవాళ్లు కాస్త చెప్పండి. నడక మొదలయ్యే సాంక్రి ఊరి నుంచి మొదటి రాత్రి జుడా కా తలాబ్ అనే చెరువు దగ్గరి క్యాంపు (సుమారు 2,770 మీ.), రెండో రాత్రి బేస్ క్యాంపు (సుమారు 3,430 మీ.), తెల్లవారుజామున 3 గంటలకు శిఖరానికి. 3,000 మీటర్లు దాటాక రాత్రి పడుకునే చోటి ఎత్తు రోజుకు 500 మీటర్లకు మించి పెంచొద్దంటారు. ఇక్కడ ఒకేసారి 660 పెరుగుతోంది. యాభై అయిదు దాటిన నాన్నగారూ వస్తున్నారు కాబట్టి ఒక రాత్రి ఎక్కువ ఉందామనుకుంటున్నాం. తలాబ్ దగ్గరా, బేస్‌లోనా? బేస్‌లో ఎత్తు పడక తలనొప్పి, వాంతులు మొదలైతే చీకట్లో గడ్డకట్టిన మంచు మీద దించాలి, అదే నా భయం.

హైడ్రేషన్ గొట్టంలో (వీపు సంచిలోని నీళ్లు తాగే గొట్టం) నీళ్లు గడ్డకడతాయని బాటిళ్లే తెస్తున్నాం, మూత కిందికి పెట్టి. మైక్రోస్పైక్స్ (మంచు మీద జారకుండా బూట్లకు తొడిగే ముళ్లు) బేస్ నుంచే తొడగాలా, చివరి నిటారు ఎక్కుడు దగ్గర చాలా?